గోడ అవతలి నేల

మార్చి 4

కొత్త పని. లెక్కల ఇన్‌స్టిట్యూట్‌లో కింది హాలు. పలకలు పరచాలి. మామూలు చదరాలు కావు. పక్కకి నొక్కేసిన చదరాల్లా ఉంటాయి. రెండే రకాలు, ఒకటి లావు, ఒకటి సన్నం. బాబాయి చూసీ చూడగానే పేర్లు పెట్టేశాడు: బొద్దుది, బక్కది. ప్రతి పలక అంచునా సన్నటి తెల్లగీతలున్నాయి. పక్క పలక గీతలతో అవి కలవాలి. అంతే రూలు.

డిజైను పైఅంతస్తులో ఉండే లెక్కల పెద్దావిడది. కిందికొచ్చి చెప్పింది. ఈ రెండు పలకలూ పరుచుకుంటూ ఎంత దూరం పోయినా, ఎప్పటికీ ఆగకుండా పోయినా, చీర అంచులోలాగా ఒకే బొమ్మ వరసగా తిరిగి రాదట. ఎప్పటికీ ఎందుకండీ, హాలు ఆ గోడ దగ్గర అయిపోతుంది కదా అన్నాను. అదీ నిజమేనమ్మా అని నవ్వింది. ఆ నవ్వుకే ఒళ్ళు మండింది.

నా చదువు పదో తరగతిలో ఆగింది. తర్వాతదంతా పాత పుస్తకాల కొట్లో కొన్న అట్టలూడిన పుస్తకాలే. అనంతం గురించి కూడా చదివాను. ఒక అనంతం కంటే ఇంకో అనంతం పెద్దదట. చదువుతున్నంతసేపూ బాగుంది. మూశాక కోపం వచ్చింది. రోజంతా మోకాళ్ళ మీద పాకేదానికి ఇదెందుకు?

మార్చి 6

పెద్దావిడ మళ్ళీ వచ్చింది. ఈ నేలలో ఏ భాగం తీసుకున్నా సరిగ్గా అలాంటిదే కాస్త దూరంలో ఇంకోటి ఉంటుందట. అందుకని చుట్టూ చూసి మనం ఎక్కడున్నామో చెప్పలేమట. మా వీధీ అంతేనండీ, తాగొచ్చిన ప్రతివాడూ పక్కింటి తలుపే కొడతాడు అన్నాడు బాబాయి. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. సాయంత్రం పని ఆపి లేచాక, ఒక్క క్షణం, తలుపు ఎటువైపుందో తెలియలేదు.

మార్చి 9

ముందు ఇసుక మీద పొడిగా పరిచి, మొత్తం సరిపోయాకే సిమెంటుతో బిగించడం బాబాయి పద్ధతి. ముక్క కోస్తే గోడ వారనే కోస్తాడు. నేల నడిమధ్య కోసిన ముక్క పెట్టడమంటే మొహానికి మాసిక వెయ్యడమే అంటాడు. ఇన్నేళ్ళ పనిలో అలాంటి ముక్క ఒక్కటి కూడా పెట్టలేదు.

అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది బాబాయీ పిన్నీ. ఆడపిల్లకి పలకల పనేమిటని అందరూ అంటే, దీని నోటికి కూర్చుని చేసే ఉద్యోగం ఎవడిస్తాడు, పని నేర్చుకోనీ అన్నాడు. నన్ను మిరపకాయ అని పిలుస్తాడు. వేరెవరైనా అలా పిలిస్తే ఊరుకోను.

మార్చి 11

మధ్యలో ఒక ఖాళీ మిగిలిపోయింది. బొద్దుది అందులో పట్టదు. బక్కది పడుతుంది గానీ గీతలు కలవవు. తిప్పి పెట్టినా అంతే. చుట్టూ ఉన్న ప్రతి పలకా సరిగ్గానే ఉంది. అన్నిటినీ వేలితో తడిమి చూశాను.

కాంట్రాక్టర్ వచ్చి, బక్కదాన్ని గుద్దెయ్ మేస్త్రీ, ఎవడు బోర్లా పడుకుని చూస్తాడు అన్నాడు. బాబాయి బక్కదాన్ని తీసి పక్కన పెట్టాడు.

పెద్దావిడని పిలిచాం. చాలాసేపు చూసింది. తప్పు ఇక్కడ లేదట. ఎక్కడో వెనక, అంతా సరిగ్గా ఉన్నచోట ఉందట. అక్కడ రెండు పలకల్లో ఏది పెట్టినా సరిపోయి ఉంటుంది. పెట్టినవాడికి తప్పని తెలిసే దారి లేదు. అది ఇంత దూరం వచ్చాక ఇక్కడ బయటపడింది. అంతా పీకి మొదట్నుంచి పరిచినా మళ్ళీ అలా జరగదని నమ్మకం లేదట. చిన్న హాలే కదా, వదిలెయ్యండి, ఫర్వాలేదు అంది.

ఫర్వాలేకపోతే జన్మంతా దీని వెనకే ఎందుకు పడ్డారు అని అడిగేశాను. బాబాయి నన్ను కసిరాడు. ఆవిడకి కోపం రాలేదు. నన్ను నేనూ అదే అడుగుతుంటానమ్మా అంది.

మార్చి 12

ఖాళీ చుట్టూ పలకలు తీసి బాబాయి కొత్తగా పరిచాడు. ఖాళీ పోయింది. బారెడు దూరంలో, కిటికీ గోడ వైపు, అదే ఆకారంలో ఇంకోటి వచ్చింది.

మార్చి 13

మళ్ళీ తీశాం. మళ్ళీ జరిగింది. కిటికీ వైపే.

మార్చి 14, మధ్యాహ్నం

బాబాయి అన్నం ముట్టలేదు. డబ్బా పక్కన పెట్టుకుని ఖాళీ వైపే చూస్తూ కూర్చున్నాడు. ఇది ఎటో పోవాలనుకుంటోందే మిరపకాయా, దారిద్దాం అన్నాడు. ఎవరో అతిథి గురించి చెబుతున్నట్టు.

మంగళవారానికి కాకపోతే వేరే బ్యాచ్‌ని దింపుతానని కాంట్రాక్టర్ అంటున్నాడు. దింపుకో అన్నాను. పనిపోతే ఇంకో పని దొరుకుతుంది. ఇలాంటి బాబాయి ఇంకొకడు నాకు దొరకడు.

మార్చి 15

మాది ఒకటే గది. మూడు చాపలు పక్కపక్కన పరిస్తే ఈ గోడ నుంచి ఆ గోడకి కొలిచి కుట్టించినట్టు సరిపోతాయి. బాబాయి తన చాప మీద పడుకుని వేలితో గచ్చు మీద గీతలు గీస్తున్నాడు. ఏమిటది అని పిన్ని నన్ను అడిగింది. అనంతం అన్నాను. అంటే ఏమిటంది. అంతులేనిది అన్నాను. అంతులేనిదానికి మన గదిలో చోటెక్కడుందే అంది పిన్ని.

నవ్వబోయి ఆగిపోయాను.

మార్చి 16

పెద్దావిడ గదికి వెళ్ళి అరిచాను. మీ లెక్క మా మనిషిని తినేస్తోంది, వచ్చి ఆపమనండి అన్నాను. ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా కిందికొచ్చింది. బాబాయి పక్కన నేల మీద కూర్చుని వదిలెయ్యమని బతిమాలింది. ఆయన వినయంగా విన్నాడు. మీరు చెప్పారు కాబట్టి వదిలేస్తానమ్మా, అది నన్ను వదిలితే అన్నాడు.

ఆవిడ పలకల గీతల వెంట వేలు పోనిస్తూ వెతికింది. తర్వాత ఒక వరస చూపించింది. ఆ వరసలో పలకల్ని ఒక్కొక్కటే తిప్పుకుంటూ పోతే ఖాళీ గోడదాకా జరుగుతుందట.

గోడ దాటాక అని అడిగాను.

గోడ అవతల నేల లేదు కదమ్మా అంది. మొదటిరోజు నేనన్న మాటే. ఈసారి ఆవిడ నవ్వలేదు.

మార్చి 17, రాత్రి

అయిపోయింది. ఖాళీని కిటికీ గోడదాకా తోశాం. చివరి పలక గోడ వారన కోసి పెట్టాం, అక్కడ ఎలాగూ కొయ్యాలి. గీతలన్నీ కలిశాయి. కాంట్రాక్టర్ బాబాయి భుజం తట్టాడు. బాబాయి నవ్వాడు. అన్నం రెండుసార్లు వడ్డించుకుని తిని, చంటిపిల్లాడిలా నిద్రపోయాడు.

ఇంటికొచ్చేటప్పుడు ఒకటి గమనించాను. కిటికీ గోడ అవతల సందు. సందు చివర మా ఇల్లు. తిన్నగా. బాబాయితో అనలేదు.

మార్చి 18

పలకలన్నీ సిమెంటుతో బిగించాం. ఏమీ జరగలేదు. నేనొక మూర్ఖురాలిని.

మార్చి 19

సందులో కాలవ మీద సిమెంటు పలకలుంటాయి. ఏళ్ళ తరబడి ఉన్నవే. ఇవాళ ఒకటి దాని చోటులో పట్టడం లేదట. ఇద్దరు పనివాళ్ళు దాన్ని ఎత్తడం, తిప్పడం, దించడం, నువ్వే చెడగొట్టావని ఒకరినొకరు తిట్టుకోవడం. పలక విరగలేదు. కాలవ మారలేదు.

బాబాయి ఆగి చూశాడు. వాళ్ళకేదో చెప్పబోయి ఊరుకున్నాడు. మిగతా దారంతా నా చెయ్యి పట్టుకుని నడిచాడు, చిన్నప్పుడు బడికి తీసుకెళ్ళినట్టు.

మార్చి 20

పక్కింటివాళ్ళ తలుపు చట్రంలో పట్టడం లేదు. వడ్రంగి వచ్చి రెండువైపులా కొలిచాడు. కొలతలు సరిపోయాయట. తలుపు పట్టలేదు.

నేను ఇన్‌స్టిట్యూట్‌కి పరిగెత్తాను. పెద్దావిడ గదికి తాళం. హాల్లో నేల మీద ఎవరో చిన్నపిల్ల గెంతుతోంది. ఎక్కడా ఒక్క లోపం లేదు. ఇంత అందమైన నేల నేనెక్కడా చూడలేదు. దాన్ని పగలగొట్టాలనిపించింది.

మార్చి 22, ఆదివారం, మధ్యాహ్నం

తిన్నాక నడుం వాల్చుదామని పిన్ని చాపలు పరిచింది. రెండు పట్టాయి. మూడోది పట్టలేదు. పిన్ని తిప్పింది. నేను తిప్పాను. గోడలు ఉన్నచోటే ఉన్నాయి.

బాబాయి మూడో చాప చుట్టి చంకలో పెట్టుకుని బయటికి వెళ్ళాడు. మిగిలిన రెండు చాపలూ ఈ గోడ నుంచి ఆ గోడకి సరిపోయాయి.

గీతలన్నీ కలిశాయి.