పిండికట్టు విప్పేనాడు

రాజోలి,
ఫిబ్రవరి, 1943.

మీకు మీ మణెమ్మ వందనాలు. ప్రభువు దయవల్ల నేను, అత్తమ్మ, పాప బాగున్నాము. ఆ కాలు తప్ప మీరూ బాగున్నారని నమ్ముతున్నాను.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. అత్తమ్మ దగ్గు తగ్గింది. తెల్లమేక ఈనింది. పాప నిన్న గోడ వదిలేసి నడిచి, కూలబడి, తనకు తానే చప్పట్లు కొట్టుకుంది. మీరు చూడాల్సింది.

ఇక మీ కాలి సంగతి. తూటా తగలకుండా, ఉత్త నడకకే సిపాయి ఎముక చిట్లిందంటే ఇక్కడ ఎవరూ నమ్మడం లేదు. మీ డాక్టరు మాటలు అందరికీ చదివి వినిపించాను. అలవాటు లేని బరువు మోస్తూ ఒక్కసారిగా దూరం పెంచినా, బూట్లు బిరుసుగా ఉన్నా, నొప్పి దాచుకొని నడిచినా ఎముక చిట్లుతుందట. మీరు అన్నీ చేశారు. రోజూ కాన్వాసు బూట్లతో నెట్టుకొచ్చి, తోలు బూట్లు పాతబడతాయని గుడ్డలో చుట్టి దాచి, పెద్ద నడక నాడే తొడిగారా? పటేలు ఇంటి ముందు చెప్పులు చేతపట్టుకొని నడిచిన అలవాటు పల్టనులోనూ పోలేదన్నమాట. "కాళ్లకిచ్చినయి సంకల పెట్టుకుండు. మా ప్రభుదాసు గట్లనే జేస్తడు" అంది అత్తమ్మ.

కట్టు విప్పగానే నొప్పి లేదని చెప్పి తర్వాతి ఓడలో యుద్ధానికి పోతానని రాశారు. ఒకసారి చిట్లినచోట మళ్లీ చిట్లే భయం ఎక్కువని రాసిందీ మీరే కదా.

ఇంతసేపూ ఒక మాట దాచాను. మీ ఉత్తరం జొన్నచేలో చదివాను. కాలు విరిగిందన్న చోట ఆగి, ఆ మాటే రెండుసార్లు చదివాను. మీ జతగాళ్లంతా ఓడెక్కారు, మీరు ఆగిపోయారు అన్న చోట కొడవలి పారేసి నవ్వాను. ఎంతకీ ఆపుకోలేకపోయాను.

"మొగని కాలిరిగితే నవ్వుతవేందే? జర సోయి ఉందా?" అని అత్తమ్మ నా రెక్క పట్టుకుంది.

"ఓడ ఎక్కలేదంట అత్తమ్మా" అన్నాను.

ఆమె గట్టున కూలబడి తనూ నవ్వింది. తర్వాత ఇద్దరం ఏడ్చాము. మీకు అంత బాధగా ఉంటే నాకు సంతోషమైంది, ఇప్పటికీ సంతోషంగానే ఉంది. మన పక్కింటి జంగమ్మ కొడుకు ఆ ఓడలోనే వెళ్లాడు కాబట్టి ఆమె ఎదురైతే మాత్రం తల దించుకుంటున్నాను.

కట్టు విప్పి, డాక్టరు వేలితో నొక్కి నొప్పి ఉందా అని అడిగితే, ఉంటే ఉందని చెప్పండి. లేకపోతే ఏం చెప్పాలో నన్ను అడగకండి. అడిగితే, ప్రభువు క్షమించినా క్షమించకపోయినా, అబద్ధమాడమనే రాస్తాను.

ఇట్లు,
మీ రాక కోసం చూస్తున్న మీ భార్య
మణెమ్మ