ఎదుటి బండి లైట్లు

నాయనా, ఈ ఉత్తరం కూర్చుని చదువు.

ఈ రోజు లండన్‌లో నా డ్రైవింగ్ పరీక్ష జరిగింది. ఇరుకు వీధిలో ఎదురుగా వస్తున్న వ్యాను లైట్లు కొట్టింది. నంద్యాల రోడ్డు మీద నువ్వు నేర్పినట్టే, వాడు ఆగడనుకుని బ్రేకు తొక్కేశాను. వ్యానూ ఆగింది. మళ్లీ లైట్లు కొట్టింది. నేను బ్రేకు వదల్లేదు. "మీకు దారి ఇస్తున్నాడు, వెళ్లండి" అన్నాడు పక్కనున్న ఆఫీసరు.

ఆరేళ్లు ఈ రోడ్ల మీదే కారు నడిపిన డేనియల్ అన్న, సెలవుకు ఇంటికొచ్చి, ఆళ్లగడ్డ దగ్గర లైట్లు కొట్టిన లారీకి ఎదురెళ్లి చనిపోయాడు. గుద్దుకునే ముందు చేయి ఎత్తాడని లారీ డ్రైవరు చెప్తే, "లారీనే ఆపాలనుకున్యాడా? ఏం పొగరప్పా వానికి!" అన్నావు. కన్నకొడుకు సమాధి దగ్గరికి కూడా పోలేదు.

ఆపమని కాదు నాయనా. దారి ఇచ్చినవాళ్లకు ఇక్కడ అందరూ అట్లా చేయి ఎత్తుతారు. అన్న ఆ లారీ ఆయనకు థ్యాంక్స్ చెప్పాడు.

నీ కూతురు