విత్తనానికి వదిలిన కాయ

యూనివర్సిటీ క్వార్టర్స్,
జూన్ 1969

చెన్నమ్మ వదినకు పక్క క్వార్టర్ వదిన రాస్తున్నది.

కర్నూలు నుంచి మీ ఉత్తరం అందింది. ప్రత్యేక రాష్ట్రం గొడవలకు భయపడి తార్నాకలో బస్సెక్కుతూ మీరు నాకు అప్పగించిన బీరపాదు క్షేమమే. శివరాత్రికి మీరు పెట్టిన గింజలు పందిరంతా అల్లుకున్నాయి. రోజూ నీళ్లు పోస్తున్నాను.

ఇక్కడ మీ ఆయనకు దొరికిన ఉద్యోగం మా తమ్ముడికి రావలసిందని ఆనాడు నేనంటే, మీరు నవ్వి, "మా సీమ విత్తనం యాడేసినా మొలుస్తాది" అన్నారు. నాకు గుర్తుంది.

విత్తనం కోసమని గుడ్డపేలిక కట్టి వదిలిన తొలికాయ ఎండిందా అని అడిగారు. మీరు వెళ్లిన సాయంత్రమే దాన్ని కోసి వండాను. "మస్తు లేతగున్నది, గింజ సుత పట్టలే" అని మా ఆయన మెచ్చుకున్నారు.

వచ్చే శివరాత్రికి మళ్లీ ఇక్కడే నాటుతామని రాశారు. ఏం నాటుతారు వదినా?