నాకెన్నేళ్ళో నీకే తెలుసు

అక్కా,

అమ్మ దగ్గు తగ్గిందా? నాయన కాలి పుండు మానిందా? నీ ఆయాసం ఎలా ఉంది? పోయినవాళ్ళకు జబ్బులుండవంటారు గానీ, నాకు దిగులు పోదు.

నా కడుపులో గడ్డ ఉందని తేలింది. హిందూపురం ఆసుపత్రిలో నా ఆధార్ కార్డు చూసి ఆపరేషన్‌కు వెనకాడారు. అందులో నాకు ఎనభై రెండు.

"ఈ వయసులో మత్తు ఇచ్చేకి కాదవ్వా," అన్నాడు అక్కడి అబ్బాయి.

ఆ రోజు గుర్తుందా? కార్డులు రాసేవాడు నా నెరిసిన తల చూసి, నన్ను నీకంటే నాలుగేళ్ళు పెద్దదాన్ని చేశాడు. మనం నవ్వుకుంటూ ఇంటికొచ్చేశాం. నేను పుట్టేనాటికి నువ్వు నిండు బిందె మోసేదానివని అమ్మ చెప్పేది. మనింట్లో వయసంటే అంతే, ఏళ్ళు ఎవరు చూశారు? ఆ మాట ఇప్పుడు చెప్పడానికి నువ్వు లేవు.

చివరికి డాక్టరమ్మ పిలిచింది.

"ఎట్లొచ్చినావవ్వా?"

"బస్టాండు నుంచి నడిచొచ్చినా."

"మెట్లు ఎక్కుతాండావా?"

"ఎక్కకుంటే మేడమీద ఉండే నీ దగ్గరికి ఎగిరొచ్చినానా తల్లీ?"

ఆమె నవ్వింది. "నీ కాళ్ళకు అన్నేండ్లు లేవులే. బుధవారం చేస్తాం."

చేస్తామన్నాక ఇంకా భయం పట్టుకుంది అక్కా. ఎనభై రెండు, ఎనభై రెండు అని వినీ వినీ ఒంట్లోకి అంత అలుపూ వచ్చేసింది.

బాగై లేస్తే, ఆ పై నెల మొదటి సోమవారం పెనుకొండలో నీ సమాధి దగ్గరికి వస్తాను. లేకుంటే ఈ బుధవారమే వస్తాను.