ఎదుటి పక్షంలో నాన్న

టాంపినీస్,
12 నవంబరు 2000.

నాన్నకు నమస్కారాలతో పునీత రాసేది. నేనూ సుస్మితా ఒంటికి బాగానే ఉన్నాం. మీరూ అమ్మా కులాసాగా ఉన్నారనుకుంటాను. అమ్మ పంపిన ఎండురొయ్యలు బస్సు డ్రైవరు తెచ్చిచ్చాడు. మనవరాలికి తెలుగు వస్తోందా అని అడిగారు. అర్థమవుతుంది గానీ, ఏం చదవమన్నా "కాన్ట్ లా, మమ్మీ" అని ఇక్కడి ఇంగ్లీషులో నా వల్ల కాదంటుంది. తెలుగు బడి పంతులుగారి మనవరాలి సంగతి ఇదీ.

అల్లుడు ఫోన్ ఎత్తడం లేదేమని రెండు ఉత్తరాల్లో రాశారు. ఇక దాచలేను. రవీంద్రన్ జూన్ నుంచి బుకిట్ బటోక్‌లో వేరే ఫ్లాట్ తీసుకుని ఉంటున్నాడు. విడాకులు అడిగింది అతనే. ఎందుకని ఇప్పుడు అడగకండి, ఎదురుగా కూర్చున్నప్పుడు చెబుతాను. ఏడవడం అయిపోయిందనుకుంటాను, పొయ్యి దగ్గర నిలబడితే మళ్ళీ మొదలవుతుంది.

ఇప్పుడు పేచీ ఆస్తి దగ్గర వచ్చింది. తంజోంగ్ పగార్‌లో అతను సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన కొత్తలో నా జీతంతోనే ఇల్లు గడిచింది, మీకు తెలుసు. తీరా అది పైకొచ్చాక కంపెనీ వాటాలు తనవే కావంటున్నాడు. అన్నీ ట్రస్టులో ఉన్నాయట, లాభం అతని తమ్ముడికట. నాకు అడిగే హక్కు లేదట. ఆ ట్రస్టుకు ట్రస్టీ మీరే నాన్నా.

నిరుడు దీపావళికి మనింటికొచ్చి, "మామయ్యా, మీ హస్తవాసి మంచిది, మీ పేరుంటే నాకు కలిసొస్తుంది" అంటూ ఇంగ్లీషు కాగితాలు మీ ముందు పెట్టాడు. ఎవరిచేతైనా చదివించుకోండి నాన్నా అన్నాను. "అల్లుడిచ్చింది చదివి సంతకం పెడితే, అతన్ని నమ్మనట్టు కాదుటే?" అని కసిరారు. నేనూ నోరు మూసుకున్నాను. మర్నాడు మన బాగన్ డాతో ఊరి గుళ్ళో అందరికీ చెప్పుకున్నారు, అల్లుడు నాకింత పెద్దరికం ఇచ్చాడని.

ఇక చెప్పలేక చెబుతున్న మాట. ఆ ట్రస్టు పేరుకేననీ, పెత్తనమంతా అతనిదేననీ నేను కోర్టులో వాదించాలి. అందుకు ట్రస్టీని కూడా ఎదుటి పక్షంలో చేర్చాలట. చేర్చాను. త్వరలో మీకు కోర్టు కాగితాలొస్తాయి. వాది నేను, ప్రతివాదుల్లో మీరూ ఒకరు. వేరే దారి చూడమని లాయరమ్మను ఎంతో బతిమాలాను. "ఆయన ఉన్నదున్నట్టు చెబితే చాలమ్మా. ఏమీ తెలియకుండా సంతకం పెట్టానని ఆయన నోటే రావాలి" అంది. నలుగురిలో మీ చేత ఆ మాట అనిపించబోతున్నాను నాన్నా.

ఈ నెలాఖరు ఆదివారం తాత దగ్గరికి వెళ్తున్నానని రవీంద్రన్ సుస్మితతో అన్నాడట. వ్యవహారాలన్నీ మీరే చూశారని రాయించిన కాగితం మీ సంతకం కోసం తెస్తాడని లాయరమ్మ అనుమానం. వస్తే అన్నం పెట్టండి. అమ్మను ఏమీ అననివ్వకండి. కాగితం తీస్తే మాత్రం, "నా కూతురు నా మీదే కేసు వేసిందయ్యా, ఏదైనా కోర్టులోనే చెబుతాను" అనండి. అల్లుణ్ణి కాదన్నారన్న మాట మీకు రాదు. తండ్రిని కోర్టుకీడ్చిందన్న మాట నాకొస్తుంది. రానివ్వండి.

ఇట్లు,
ఏ పక్షాన ఉన్నా మీ బిడ్డ,
పునీత