అరవై నుంచి నూట ముప్ఫై రెండుకి

మార్చి 2, ఉదయం

అత్తయ్య ఫోన్. నాన్నకి అక్క. నన్ను పెంచింది, ముప్ఫై ఏళ్లు బళ్లో పియానో నేర్పింది. ఏప్రిల్ చివర్లో కుడి బొటనవేలి కీలుకి ఆపరేషన్. తర్వాత ఆ చెయ్యి ఎలా ఉంటుందో డాక్టరు మాటివ్వలేదట. అందుకని ఏప్రిల్ 20న పాత విద్యార్థుల్ని బడి హాలుకి పిలిచి ఒక్క పీస్ వాయిస్తుందట. పియానో, ఫ్లూట్ కలిపి. ఫ్లూట్ నేనేనట. అడగలేదు, చెప్పింది.

స్వరాలు రాసిన స్కోర్ కాగితం మీద వేగం నిమిషానికి 132 బీట్లు అని ఉంది. కళ్లు తిరిగాయి.

మార్చి 3

వాయించి రికార్డు చేసుకున్నాను. కష్టమైన చోట పరుగు, తేలికైన చోట ఆయాసం. మా ఆయన విని, వెంట కుక్క పడ్డట్టుంది అన్నాడు. ఒళ్లు మండింది. కానీ నిజమే.

మార్చి 4, మధ్యాహ్నం

కళ్లద్దాల షాపులో లెన్సులు అరగదీయడం నా పని. భోజనం టైములో వెనక గది తలుపేసుకుని, టిక్ టిక్‌మని తాళం కొట్టే మెట్రోనోమ్‌ని 60 మీద పెట్టి నాలుగు బార్లు, అంటే నాలుగు తాళం ఆవర్తాలు, వాయించాను. అరవై అంటే నత్త నడక. రెండో బార్‌లోనే దాన్ని దాటి వెళ్లిపోయాను. నత్తని ఓడించడానికి అంత తొందరేమిటో!

మార్చి 9

నియమం పెట్టుకున్నాను. తప్పు లేకుండా మూడుసార్లు వస్తేనే నాలుగు పెంచాలి. తప్పితే ఎనిమిది దిగాలి. ఇవాళ 72 నుంచి 64కి పడ్డాను. అచ్చం వైకుంఠపాళి.

మార్చి 17

84.

మార్చి 26

గొడవంతా ఏడో బార్‌లో. ఊపిరి ఆలస్యంగా తీసుకుంటున్నాను, ఆ ఆలస్యం పూడ్చడానికి పరిగెత్తుతున్నాను. ఇవాళ ఒక్క నోటు ముందే తీసుకున్నాను. 96లో శుభ్రంగా వచ్చింది, మూడుసార్లు! గంతేశాను. ఓనరు తలుపు కొట్టి, లెన్సు పగిలిందా అని అడిగాడు. లేదండీ, కుదిరింది అన్నాను.

ఏప్రిల్ 5

మెట్రోనోమ్ క్లిక్ ప్రతి బార్‌లో రెండో బీట్, నాలుగో బీట్ మీదే వినబడేలా మార్చాను. మిగతావి నేనే మోయాలి. మొదట చీకట్లో మెట్టు తప్పినట్టయింది. తర్వాత కడుపులో ఏదో నిలకడగా కొట్టడం మొదలెట్టింది. 116.

ఏప్రిల్ 11, సాయంత్రం

132! మా ఆయన్ని కూర్చోబెట్టి వినిపించాను. కుక్క ఏమైందన్నాడు. అలసిపోయి ఇంటికెళ్లిందన్నాను.

ఏప్రిల్ 13

అత్తయ్య ఇంట్లో రిహార్సల్. పదో బార్‌లో ఆమె చెయ్యి ఆగింది. మళ్లీ మొదలెట్టాం. మళ్లీ అక్కడే. నూరు దాటితే బొటనవేలు లోపలికి తిరగనంటోంది. పియానో మూత వేసేసి, నా వైపు చూడకుండా, "ఇంకెవరినైనా చూసుకోవే, నావల్ల నీ స్పీడు పాడవుతుంది" అంది.

కోపం వచ్చింది. "నేర్చుకుంది నీకోసం, స్పీడు కోసం కాదు. నూరులోనే వాయిద్దాం" అన్నాను.

అత్తయ్య మూత తీసింది.

ఏప్రిల్ 16

నూరులో వాయించడం ఇంకా కష్టం. దాక్కోవడానికి చోటే లేదు, ప్రతి నోటూ ఎదురొచ్చి నిలబడుతుంది. అత్తయ్య రోజూ ఫోన్‌లో వింటోంది. తన సంగతి అడిగితే మాత్రం, నీ పని నువ్వు చూసుకో అంటోంది.

ఏప్రిల్ 21, ఉదయం

నిన్న హాలు నిండింది. బట్టతలలవాళ్లూ, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లూ, అందరూ ఒకప్పుడు ఆమె చేత తిట్లు తిన్నవాళ్లే. అత్తయ్య నన్ను చూసి తలూపుతూ లెక్కపెట్టింది. ఒకటి, రెండు... అది నూరు కాదు, ఇంకా వేగం! ఆలోచించే టైము లేదు. ఊపిరి తీసుకుని దూకాను.

పదో బార్ వచ్చింది. ఓరకంట చూశాను. బొటనవేలు చెయ్యాల్సిన పనిని ఎడమ చెయ్యి అడ్డంగా దాటొచ్చి చేసేసింది. దొంగ! వారం రోజులుగా ఇదన్నమాట సాధన. నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే గాలి పోతుంది, పెదాలు బిగించాను. ఇద్దరం ఎక్కడా తూలలేదు. చివరి నోటు ఇద్దరిదీ ఒక్కసారే ఆగింది.

చప్పట్ల మధ్య నా చెవి దగ్గర, "నూరులో వాయిస్తే ముసలిదాన్నయిపోయాననుకుంటారే" అంది. ఆమెకి డెబ్బై రెండు.

ఏప్రిల్ 22

రికార్డింగ్ పెట్టి కొలిచాను. 118. మొదటి నుంచి చివరిదాకా 118. మేమిద్దరం ఎప్పుడూ అనుకోని అంకె.

ఏప్రిల్ 29

ఆపరేషన్ అయింది. కట్టుతో పడుకునే, ఎడమ చేత్తో మంచం అంచు మీద కొడుతోంది. నేనూ పక్కన కూర్చుని కొట్టాను. నాడి చూడ్డానికి వచ్చిన నర్సు, మీరిద్దరూ ఆపితే గానీ నాకు లెక్క రాదంది.