బంగళాలో కుట్టుమిషను

జూన్ 9, ఉదయం

మా ఆవిడ పోయి యాభై మూడు రోజులు. ఆమె ఫోన్ ఇంకా ఛార్జింగ్ పెడుతూనే ఉన్నాను. ఎందుకని మా అమ్మాయి అడగలేదు.

ఇవాళ అది మోగింది. ఎపిసోడ్ ఎప్పుడక్కా అని ఎవరో. తెరిచి చూస్తే అలాంటివి నాలుగు వందల పైచిలుకు.

మా ఆవిడ ఒక యాప్‌లో సీరియల్ రాసేది. సొంత పేరు పెట్టుకోలేదు, "కిటికీ" అని పెట్టుకుంది. పాఠకులు కిటికీ అక్క అంటారు. సోమవారం ఒకటి, గురువారం ఒకటి. నేను అరవై నిండేదాకా ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి కాబట్టి ప్రతి ఎపిసోడూ ముందు నా చేతికే ఇచ్చేది. తప్పులు చూసిపెట్టండి అనేది. చూసిపెట్టేవాణ్ణి.

జూన్ 10

కిటికీ అక్క ఇక లేదన్న సంగతి పాఠకులకు చెప్పకపోతే బాగుండదని అమ్మాయి అంది. తనే నాలుగు వాక్యాలు రాసి పెట్టింది. ల్యాబ్‌లో పని చేసే పిల్ల, బ్లడ్ రిపోర్టులా రాసింది. సాయంత్రానికి రెండు వేల ఏడుపు బొమ్మలు వచ్చాయి. ఆ కన్నీళ్ళు ఆరకముందే, మరి మా రాక్షసుడి సంగతేమిటని అడగడం మొదలుపెట్టారు.

రాక్షసుడంటే కథలో హీరో. ముద్దుపేరు. పెద్దన్నయ్య గురించి చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు.

డ్రాఫ్టుల్లో ఒక ఎపిసోడ్ మిగిలి ఉంది. అరవై నాలుగోది, చివరిది. నేను ప్రూఫ్ చూడనిది అదొక్కటే.

జూన్ 11

ప్రూఫ్ రీడర్లు కథ చదవరు. బయటివాళ్ళకి ఈ మాట చెబితే నమ్మరు. మా ఫోర్‌మన్ నేర్పిన పద్ధతి ఏమిటంటే, పేజీ అడుగు లైను నుంచి పైకి చదవాలి. అర్థం తగలకూడదు. అర్థం తగిలిందా, కన్ను పరుగెత్తుతుంది, తప్పు దాటిపోతుంది. ముప్పై నాలుగేళ్ళు అలాగే చదివాను. ఎన్ని నవలలు నా కళ్ళ కింద నుంచి పోయాయో. ఒక్కదాని కథ చెప్పమన్నా చెప్పలేను.

ఆమె సీరియల్ కూడా అంతే. అరవై మూడు ఎపిసోడ్లు, కింది నుంచి పైకి. ఎలా ఉందండీ అని అడిగేది. తప్పులు తక్కువే అనేవాణ్ణి. కాసేపు నా మొహం చూసి కాగితాలు తీసుకుని వెళ్ళిపోయేది.

చివరిది పెట్టేముందు ముందు కథ తెలియాలి. రేపటి నుంచి అందరిలాగే చదువుతాను.

జూన్ 13

పద్నాలుగో ఎపిసోడ్ దగ్గర ఆగిపోయాను.

జూన్ 14, మధ్యాహ్నం 2

హీరో కాంట్రాక్టర్. హీరోయిన్ తండ్రి మీద పగతో ఆమెను పెళ్ళి చేసుకుంటాడు. బంగళా, కార్లు, గేటు దగ్గర కుక్కలు. పద్నాలుగో ఎపిసోడ్‌లో, పెళ్ళయిన నాలుగో రోజు, ఆమె జ్వరంతో పడుకుని ఉంటుంది. అతను వస్తాడు. ఆమె వద్దంటుంది. అతను వినడు.

ఆ తర్వాత అర పేజీ ఉంది. అందులో అతని గురించి గానీ ఆమె ఒంటి గురించి గానీ ఒక్క మాట లేదు. గోడ మీద ఊడుతున్న సున్నం పెచ్చు గురించి ఉంది. కింద నుంచి వచ్చే కుట్టుమిషను చప్పుడు గురించి ఉంది. మిషను ఆగినప్పుడల్లా ఆమె అది మళ్ళీ మొదలవ్వాలని ఎదురుచూస్తుంది. ఆ చప్పుడున్నంతసేపూ దగ్గర్లో ఎవరో మనిషి ఉన్నట్టు.

కామెంట్లలో ఒకామె, అంత బంగళాలో కుట్టుమిషను ఎక్కణ్ణుంచి వచ్చిందక్కా, కొంచెం చూసుకోవద్దూ అని వేళాకోళం చేసింది. మా ఆవిడ ఒక్క మాటే జవాబిచ్చింది.

"ఉంది."

మా మొదటి అద్దె గది టైలరు కొట్టు పైన.

జూన్ 15

ఆ రోజు మా ఆవిడ ఏమీ అనలేదు. నాకు గుర్తున్నంతవరకు ఏమీ అనలేదు. జ్వరం మాట నిజమే. నాకు ఇరవై ఏడు. పెళ్ళయిన కొత్త. ఆ రోజుల్లో మొగుడూ పెళ్ళాల మధ్య దానికి ఒక పేరు ఉందని కూడా ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున టీ పెట్టి ఇచ్చింది. అదే సమాధానం అనుకున్నాను.

జూన్ 17

పద్నాలుగో ఎపిసోడ్ కింద పదకొండు వందల కామెంట్లు. అన్నీ చదివాను.

అందరూ రాక్షసుడి తరఫు వకీళ్ళే. చిన్నప్పుడే తల్లి వదిలేసి పోయిందాయె, వాడికి ప్రేమించడం ఎవరు నేర్పారు పాపం అని ఒకామె. అది పగ కాదు, పగ వేషం వేసుకున్న ప్రేమ అని ఇంకొకామె. కట్టుకున్నవాడే కదా, వీధిలో పోయేవాడా అని మనవళ్ళున్న పెద్దావిడ. నిజంగా ఇష్టం లేనిది గడియ ఎందుకు పెట్టుకోలేదట. అంత అందగాడు నా జోలికొస్తే నేను కేసు పెట్టను, కేకు కోస్తాను అని ఎవరో చమత్కరిస్తే మూడు వందల మంది నవ్వారు. తర్వాత ఎపిసోడ్‌లో ఎలాగూ తడిగుడ్డ నుదుట వేస్తాడులే, చూడండి అని, ముందే తెలిసినట్టు, ఒక టీచరమ్మ. నిజంగానే వేశాడు. ఆ ఒక్క తడిగుడ్డకి రెండు వేల లైకులు.

ఒకే ఒక్కామె రాసింది, వద్దంది కదా అని. అందరూ ఆమె మీద పడ్డారు. నచ్చకపోతే మానెయ్, చందమామ కథలు చదువుకో అన్నారు. ఆమె మళ్ళీ కనిపించలేదు.

సిగ్గుపడుతూనే రాస్తున్నాను. ఒక్కో కామెంటుకి నా గుండెల మీద బరువు కాస్త జరిగింది. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు, వందల మంది, నన్ను వెనకేసుకొస్తున్నారు.

సాయంత్రం 6

కానీ మా అమ్మ నన్ను వదిలేసి పోలేదు. బాగానే పెంచింది. నాకు ఎవరి మీదా పగ లేదు.

తడిగుడ్డ కూడా వెయ్యలేదు.

జూన్ 19

వంటింట్లో అమ్మాయిని అడిగాను, ఇలాంటివి ఎందుకు చదువుతారని. తనూ చదువుతుందట, చాలానే. గిన్నెలు తోముతూ, నావైపు తిరగకుండా చెప్పింది. పుస్తకంలో భయం మన చేతిలో ఉంటుందట. ఎప్పుడంటే అప్పుడు మూసెయ్యొచ్చట. బయట అలాంటివాడు ఎదురైతే చెప్పు తీసుకు కొడుతుందట. మరి పుస్తకంలో వాణ్ణి ఎందుకు మెచ్చుకుంటావన్నాను.

"పుస్తకంలో వాడు చివర్న ఏడుస్తాడని తెలుసు కద నాన్నా. బయట ఎవడూ ఏడవడు."

చేతులు తుడుచుకుంటూ ఇంకో మాట అంది.

"అయినా ఆ జ్వరం సీను అమ్మ ఎలా ఊహించిందో. నేను అక్కడ మూసేశాను."

ఏమో అన్నాను. స్టవ్ కట్టేసి ఉందో లేదో చూశాను. మళ్ళీ చూశాను.

జూన్ 21

మరదలి దగ్గరికి వెళ్ళాను. బస్సులో గంటన్నర. జిరాక్స్ షాపు నడుపుతుంది. నన్ను చూసి, ఇవాళ పొద్దు ఎటు పొడిచింది, బావగారు దారి తప్పారు అంది. అక్క పోయాక ఆమె వేళాకోళమాడడం అదే మొదటిసారి. దాన్ని పాడు చెయ్యాల్సి వచ్చింది.

పెళ్ళయిన కొత్తలో మీ అక్క నీతో ఏమైనా చెప్పిందా అని అడిగాను. ఇంకేమీ అడగలేదు. ఆమె మిషను ఆపేసింది.

"నాతో కాదు. అమ్మతో చెప్పింది, ఆ వారమే. నేను తలుపు పక్కనున్నా. మొదట్లో అంతేలేవే, సర్దుకుపో అంది అమ్మ. అక్క సరేనంది. అంతే బావగారూ. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు."

నన్ను క్షమించిందా అన్నాను. ఆ మాట నాకే సరిగా వినపడలేదు.

"మా ఆయన మంచివాడు అనేది. వందసార్లు అనుంటుంది. అబద్ధం కాదు. క్షమించానని మాత్రం నాతో అనలేదు. మీతో అందా?"

అనడానికి నేను అడిగితే కదా.

ఎవరో వచ్చారు. పది కాపీలు, రెండు వైపులా. ఆమె ఆ పనిలో పడింది. నేను బెంచీ మీద కూర్చుని బస్సు వేళ దాకా ఉన్నాను. వెళ్ళేటప్పుడు మంచినీళ్ళ సీసా చేతిలో పెట్టింది. నా మొహం చూడలేదు.

జూన్ 22

అరవై నాలుగో ఎపిసోడ్.

రాక్షసుడు మారిపోయాడు. చాలా ఏళ్ళుగా మంచివాడు. జబ్బుపడి మంచం మీద ఉన్నాడు. ఏడుస్తాడు. క్షమించానని ఒక్క మాట అనమంటాడు. ఆమె అతనికి మాత్రలు వేస్తుంది. దుప్పటి కప్పుతుంది. దీపం ఆర్పి పక్క గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటుంది. అక్కడితో అయిపోయింది.

మా ఆవిడ చివరి తొమ్మిదేళ్ళూ పక్క గదిలో పడుకునేది. నా గురక వల్ల అనుకున్నాను. గురక వల్లేనని ఆమే చెప్పింది.

జూన్ 23

పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. చివర ఒక్క మాట చేర్చితే చాలు. క్షమించాను. రెండు వేల మంది సంతోషిస్తారు. వాళ్ళతోపాటు ఇంకొకడు.

తొమ్మిది నుంచి పన్నెండు దాకా కూర్చున్నాను. అక్షరం మార్చకుండా పెట్టేశాను.

జూన్ 24

మోసమన్నారు. ఇన్నాళ్ళు చదివింది ఇందుకా అన్నారు. అంతలా ఏడ్చిన మగాణ్ణి క్షమించనిది ఆడదేనా, రాయా అన్నారు. కిటికీ అక్క అలా రాయదు, ఆమె మనసు వెన్న, అక్క మొగుడెవరో ముగింపు చెడగొట్టి ఉంటాడని ఒకామె తేల్చింది. దానికే అన్నిటికన్నా ఎక్కువ లైకులు.

మధ్యాహ్నానికి టీచరమ్మ తనే ఒక ముగింపు రాసి పెట్టింది. అందులో ఆమె గడియ తీస్తుంది. కవల పిల్లలు పుడతారు. ఇక అందరూ అదే చదువుతున్నారు.

జవాబు రాయబోయాను. అక్క రాసింది ఇదే, నాకు తెలుసు అని. ఎలా తెలుసంటారు. మూసేశాను.

జూన్ 26

అమ్మాయి చదివింది. పక్క గదిలో అమ్మ బట్టలు సర్దుతానని వెళ్ళింది. చాలాసేపు చప్పుడు లేదు. తలుపు దగ్గరికి వెళ్ళి చూస్తే బట్టల జోలికే పోలేదు. మంచం మీద కూర్చుని గడియ వైపు చూస్తోంది.

నన్ను చూసి, "గురకేనా నాన్నా?" అంది.

నేను అక్కడే నిలబడ్డాను.

జూన్ 27

అమ్మాయి డ్యూటీకి వెళ్ళింది. చెప్పి వెళ్ళలేదు.

జూలై 1

అదే కథ రాక్షసుడి వైపు నుంచి కావాలని అడుగుతున్నారు. వాడి మనసులో ఏముందో తెలిస్తే అంతా అర్థమవుతుందట.

రాశాను.

ఆమె వద్దంది. నాకు వినిపించింది.